బాతుల సాక్సులు, అమ్మమ్మ టోపీ

మూడు నెలలుగా ఈ పేజీలో కనబడలేదేంటని అడిగిన వాళ్లందరికీ ఒకటే జవాబు. పాప పుట్టింది. ఏప్రిల్ రెండో వారంలో రావాల్సిన మనిషి ఫిబ్రవరి 20నే వచ్చేసింది. నాకు బీపీ పెరిగిపోయి, డాక్టరుగారు ఇక ఆగకూడదన్నారు. 33 వారాలు, 1,680 గ్రాములు. ఇప్పుడు బానే ఉంది, కంగారు పడకండి. ఇది రాస్తుంటే పక్కన ఉయ్యాల్లో పడుకుని నిద్రలోనే ఎవరి మీదో కోప్పడుతోంది.

ఈ వారం చెప్పాలనుకున్నది పాప గురించి కూడా కాదు. పాప కోసం నేను అల్లిన బట్టల గురించి. రెండు స్వెటర్లు, మూడు టోపీలు, నాలుగు జతల సాక్సులు, రెండు జతల చేతి తొడుగులు, సగం దుప్పటి. వీటిలో పాప వేసుకున్నవి ఎన్నో చెప్పమంటారా? సున్నా.

మొదట్నుంచీ చెప్తాను. ఐదో నెలలో విజయవాడ పుట్టింటికి వచ్చేశాను. ఇంటి నుంచే ఆఫీసు పని. రోజుకి నాలుగు మీటింగులు, అందులో మూడింట్లో నేను మాట్లాడాల్సింది రెండు నిమిషాలు. మిగతా టైములో చేతులు ఖాళీ. యూట్యూబ్ చూసి అల్లిక మొదలుపెట్టా. మాలాంటి వాళ్లకి అల్లిక తొందరగా పట్టుబడుతుంది. ఒక కుట్టు సూటిగా, ఒకటి తిరగేసి, పది వరసలు రిపీట్ అంటే అది లూపే కదా. ఎక్కడో ఒక కుట్టు జారితే కిందదాకా నిచ్చెనలా విడిపోవడం కూడా మాకు అలవాటైన బాధే.

నాన్నతో స్కూటర్ మీద వన్‌టౌన్ వెళ్లి, వస్త్రలత చుట్టుపక్కల సందుల్లో తిరిగి ఒక సంచీడు సామాను తెచ్చుకున్నా. బేబీ ఊలు అని ఇచ్చారు, లేత పసుపు, తెలుపు, పుదీనా రంగు. ముత్యాల పూసలు, సాటిన్ రిబ్బను, చిన్న చిన్న బాతు బొమ్మల గుండీలు. అమ్మ ఆ సంచీ చూడగానే మొహం మాడ్చుకుంది.

"పుట్టకముందే కొత్తబట్టలు ఇంట్లో పెట్టుకోకూడదే."

"కొనలేదమ్మా, అల్లుతున్నా."

"అదీ అంతే."

చివరికి నేనే ఒక లొసుగు కనిపెట్టా. ప్రతిదానికీ చివరి ముడి వెయ్యకుండా దారం అలా వదిలేస్తాను, అప్పుడది పూర్తయినట్టు లెక్క కాదు అన్నా. అమ్మ కాసేపు ఆలోచించి సరేనంది. అలా పన్నెండు వస్తువులు, పన్నెండు దారం కొసలు వేలాడుతూ బీరువాలో చేరాయి. అన్నిట్లోకీ నాకు గర్వం బాతుల సాక్సుల మీద. పసుపు మీద తెల్ల బాతులు, వరసగా మూడు, రెండు రంగుల దారంతో అల్లినవి. ఫోటో ఆఫీసు గ్రూపులో పెడితే అరవై లైకులు వచ్చాయి.

పాప పుట్టిన రెండో రోజు ఐసీయూలోంచి సిస్టర్ బయటికొచ్చి, "టోపీ, సాక్సులు తెచ్చారా అమ్మా? కాటన్‌వి, ఉతికి ఇస్త్రీ చేసినవి" అంది. అమ్మ ఇంటికి పరిగెత్తింది. చివరి ముళ్లు తనే వేసి, వేడినీళ్లలో ఉతికి, ఎండేసి, ఇస్త్రీ పెట్టె ఆనించింది. పుదీనా రంగు టోపీ పెట్టెకి అంటుకుని, తీసేసరికి అప్పడంలా గట్టిపడింది. మనకి షాపుల్లో ఊలు అని ఇచ్చేది చాలావరకు గొర్రె బొచ్చు కాదండీ. యాక్రిలిక్. అంటే ప్లాస్టిక్ లాంటి దారం. చెమట పీల్చదు, వేడికి కరుగుతుంది. లేబుల్ మీద రాసే ఉంది, నేనే చదవలేదు. బేబీ అన్న మాట, లేత రంగు చూసి తెచ్చేసుకున్నా.

మిగిలిన రెండు టోపీలూ పాప తలకి పెడితే ముక్కు దాకా దిగిపోయాయి. నెలలు నిండిన బిడ్డ తల చుట్టుకొలత 34, 35 సెంటీమీటర్లు ఉంటుంది. మా పాపది ఇరవై తొమ్మిదిన్నర. నేను ఆరు నెలల పిల్లకి కూడా పట్టేలా ముందుచూపుతో అల్లాను!

సాక్సుల సంగతి ఇంకా ఘోరం. సిస్టర్ ఒక సాక్సు తీసుకుని అసలు బాతుల వైపే చూడలేదు. లోపలికి తిరగేసింది. రెండు రంగులతో అల్లినప్పుడు, వాడని రంగు దారం వెనకవైపు అడ్డంగా సాగుతుంది కదా. బయట మూడు బాతులు, లోపల దారాల వల. ఆవిడ చిటికెన వేలు పెట్టి కదిపితే వేలు ఆ దారంలో చిక్కుకుంది. "ఇలా పిల్ల కాలివేలు ఇరుక్కుంటే?" అంది. అంతే. ఒక్క మాట ఎక్కువ అనలేదు, తక్కువ అనలేదు.

తర్వాత డాక్టరుగారు వివరంగా చెప్పారు. ఒక వదులు పోగు గానీ, తల్లి తలవెంట్రుక గానీ పసిపిల్ల వేలికి చుట్టుకుంటే, కాళ్లు ఆడించేకొద్దీ బిగుసుకుంటుంది. రక్తం ఆడక వేలు వాచి, చూసుకోకపోతే వేలికే ముప్పు వస్తుందట. పిల్ల ఏడుస్తుంది, మనం ఆకలనుకుంటాం, కడుపునొప్పనుకుంటాం. సాక్సు విప్పి చూడాలని ఎవరికీ తోచదు. కాన్పు తర్వాత తల్లులకి జుట్టు తెగ రాలుతుంది, అందుకని చేత్తో అల్లిన వాటికే కాదు, షాపులో కొన్నవాటికి కూడా ఇది వర్తిస్తుంది. తొడిగేముందు ప్రతిసారీ లోపలివైపు బయటికి తిరగేసి, వేలు పెట్టి చూడండి. ఈ కాలమ్‌లో మీరు ఇంకేమీ గుర్తుపెట్టుకోకపోయినా ఫర్వాలేదు, ఇదొక్కటీ గుర్తుంచుకోండి.

ఇక అమ్మ వంతు. నా అల్లికలన్నీ వెనక్కి వచ్చేసరికి అమ్మలో ఒకరకమైన ఉత్సాహం వచ్చింది (నాకు తెలుసమ్మా, కాదనకు). బీరువా అడుగు అర నుంచి ఒక గులాబీ రంగు స్వెటరు తీసింది. నేను పుట్టినప్పుడు మా మేనత్త అల్లింది. అసలైన ఊలు. మెడ దగ్గర తెల్ల పువ్వులు, ఇరవై ఎనిమిదేళ్లయినా ఒక్క చిల్లు పడలేదు. పడకపోవడానికి కారణం ప్రతి ఏడూ అమ్మ మార్చి మార్చి పెట్టే కలరా ఉండలు. ఐసీయూ తలుపు దగ్గరికి వెళ్లకముందే సిస్టర్ వాసన పట్టేసింది. "కలరా ఉండల బట్టలు లోపలికి వద్దమ్మా" అని దణ్ణం పెట్టినంత పని చేసింది.

అమ్మ చాలా నొచ్చుకుంది. నేను కూడా అప్పుడు, వాసనకే ఇంత గొడవా అనుకున్నా. కాదట. కలరా ఉండల్లో వాడే నాఫ్తలీన్ ఆవిరి బట్టల్లోకి దిగుతుంది, బట్టల్లోంచి పసిపిల్లల ఒంట్లోకి. కొంతమంది పిల్లలకి పుట్టుకతోనే జీ సిక్స్ పీ డీ అనే ఎంజైము తక్కువగా ఉంటుంది. వాళ్లకి ఇది సోకితే ఎర్ర రక్తకణాలు విరిగిపోయి కామెర్లు ముదురుతాయి. ఎవరికి ఆ లోపం ఉందో మొహం చూసి చెప్పలేం. అసలే నెలలు నిండని పిల్లలకి కామెర్లు ఎక్కువ. మా పాప ఆ రోజు కళ్లకి గంతలు కట్టుకుని నీలం లైటు కిందే ఉంది. మన ఇళ్లలో అటక మీద పెట్టె దించి, అన్నయ్య బట్టలు చెల్లికీ, అమ్మ బట్టలు కూతురికీ తొడగడం ఎంత ముచ్చటైన పనో మీకు తెలుసు. ముచ్చటే. కానీ ఉండలు వేసి దాచినవి మాత్రం పసిపిల్లకి వద్దు.

మూడో రోజు పొద్దున్న అమ్మమ్మ దిగింది. నరసాపురం దగ్గర పల్లె మాది, అంటే అమ్మ వాళ్లది. భీమవరం, గుడివాడ మీదుగా రైల్లో, ఎవరికీ చెప్పకుండా, ఒక్కతే వచ్చింది. డెబ్బై ఆరేళ్లు, రెండు కళ్లకీ శుక్లాల ఆపరేషన్ అయింది. చేతిలో పూతరేకుల డబ్బా, సంచీలో ఉతికి ఉతికి పాలమీగడలా అయిపోయిన తాతయ్య పంచె, కళ్లజోడు పెట్టెలో ఒక సన్నటి లేసు సూది. పాపని అద్దంలోంచి చూసింది. ఏడుస్తుందేమో అని మేం భయపడుతుంటే, "తల ఎంతుంది?" అని అడిగింది.

నాన్న నాలుగు పోగుల కాటన్ దారం తెచ్చాడు. ఆసుపత్రి బయట సిమెంటు బల్ల మీద కూర్చుని మొదలుపెట్టింది. నేను గది కిటికీలోంచి చూస్తున్నా. రెండు సూదులతో చేసే నా అల్లిక వేరు, ఈవిడ ఒక్క కొక్కెం సూదితో చేసే లేసు పని వేరు. ఇందులో ప్రతి కుట్టూ ఎక్కడికక్కడ బిగిసిపోతుంది, ఒకటి తెగినా నిచ్చెనలా జారదు. తర్వాత గదిలోకొచ్చి నాకు లెక్క చెప్పింది. కావాల్సిన వాళ్లు రాసుకోండి. ఆరు గొలుసుల రింగు. అందులో పన్నెండు పొడుగు కుట్లు. తర్వాత వరసకి పన్నెండు చొప్పున పెంచుకుంటూ 24, 36, 48, 60. అయిదో వరసకి మీ అరచేతంత చక్రం వస్తుంది. అక్కణ్నుంచి పెంచకుండా అరవైతోనే కిందికి దిగాలి. చుట్టుకొలత తల కంటే రెండు సెంటీమీటర్లు తక్కువ ఉంటే జారిపోకుండా కూర్చుంటుంది, నుదుటి మీద అచ్చు పడేంత బిగుతుగా ఉండకూడదు. అంచు రెండు మడతలు ఎక్కువ అల్లి పైకి మడిచింది. "వారానికి పెరుగుద్దే ఇది, అప్పుడు విప్పుకో" అంది. లోపల తాతయ్య పంచె ముక్క గుండ్రంగా కత్తిరించి, మడత బయటివైపుకి వచ్చేలా కుట్టింది. కుట్టు అనేది పాప తలకి ఎక్కడా తగలదు.

నాలుగు గంటల్లో అయిపోయింది. పువ్వు లేదు, పూస లేదు. సిస్టర్ తిరగేసి చూసి, వేలు పెట్టి చూసి, "ఇది ఎవరు చేశారు?" అని అడిగింది.

అమ్మమ్మ మిగిలిన దారం ఉండ చుట్టి నా చేతిలో పెట్టింది. "తూచుకో" అంది. నేను జోకనుకుని నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

అప్పుడు చెప్పింది. పదేళ్ల పిల్లప్పుడు లేసు సూది పట్టింది. కమిషన్ ఏజెంటు దారం తూచి ఇచ్చేవాడు, అల్లిన లేసు తూచి తీసుకునేవాడు. నాలుగు మూరలు తగ్గితే డబ్బులు కోసేవాడు. "మీ అమ్మ పుట్టినప్పుడు ఇంటినిండా దారమే. మనది కాదుగా. ఒక్క పువ్వు దాని గౌనుకి అల్లలేకపోయాను." అమ్మ అక్కడే ఉంది. ఈ సంగతి తనకీ కొత్తే అని మొహం చూస్తే తెలుస్తోంది.

నరసాపురం లేసు గురించి నేను పుస్తకంలో చదివాను గానీ ఇంట్లో ఎప్పుడూ అడగలేదు. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు గోదావరి డెల్టాలో ఆడపిల్లలకి నేర్పిన పని అది. తర్వాత ఎగుమతి వ్యాపారమైంది. జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ 1982లో నరసాపురం లేసు మహిళల మీద ఒక పుస్తకమే ప్రచురించారు. రోజుకి గంటల తరబడి పనిచేసి ప్రపంచ మార్కెట్‌కి సరుకు తయారుచేస్తున్న ఆడవాళ్లని, ఇంట్లో ఖాళీగా కూర్చుని పొద్దుపుచ్చుకునే గృహిణులుగానే అందరూ లెక్కేశారని, అందుకే కూలి అంత తక్కువని ఆవిడ చెప్పింది. మా ఇంట్లో కూడా "అమ్మమ్మ ఖాళీ టైములో లేసు అల్లుకునేది" అనే అనేవాళ్లం. ఆ ఖాళీ టైముతోనే ఇంటికి కూర ఖర్చు వెళ్లేదని అమ్మమ్మ చెప్పింది. 2024లో నరసాపురం లేసుకి జీఐ గుర్తింపు వచ్చిందని చెప్తే, "అంటే కూలి పెంచుతారా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

ఇంకో మాట కూడా అంది, అది నన్ను ఇంకా వదలట్లేదు. ఒకళ్లు పువ్వులు అల్లుతారు, ఇంకొకళ్లు వాటిని కలుపుతారు. కలిపేదాన్ని అతుకుపని అంటారు. అమ్మమ్మది పువ్వుల పనే. "ముప్ఫై ఏళ్లు పువ్వులు అల్లాను గానీ, బల్లగుడ్డ మొత్తం ఎట్టా ఉంటుందో చూళ్లేదే" అంది. ఫోన్లో ఒక పెద్ద లేసు బల్లగుడ్డ ఫోటో తీసి చూపించా. కళ్లజోడు సర్దుకుని, రెండు వేళ్లతో జూమ్ చేయించుకుని చాలాసేపు చూసింది. "ఓహో, ఇక్కడ కూర్చుంటుందా మన పువ్వు" అంది.

అయిదో రోజు నుంచి పాపని నా గుండెల మీద పడుకోబెట్టడం మొదలుపెట్టారు. కంగారూ మదర్ కేర్ అంటారు, మీలో చాలామంది వినే ఉంటారు. 1978లో కొలంబియాలోని బొగోటా నగరంలో, ఇంక్యుబేటర్లు చాలక ఒక్కోదాంట్లో ఇద్దరు ముగ్గురు పిల్లల్ని పెట్టాల్సి వస్తుంటే, ఎడ్గార్ రే అనే డాక్టరు తల్లి ఒంటినే ఇంక్యుబేటర్‌గా వాడదామని మొదలుపెట్టిన పద్ధతి. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా బరువు తక్కువ పిల్లలకి పుట్టిన వెంటనే ఇది మొదలుపెట్టమంటోంది. చర్మానికి చర్మం తగలాలి. కాబట్టి పాప ఒంటి మీద ఉండేవి మూడే. డైపరు, సాక్సులు, టోపీ. పసిపిల్లల్లో ఒంటితో పోలిస్తే తల పెద్దది, వేడి అక్కణ్నుంచి బాగా పోతుంది, అందుకే టోపీకి అంత విలువ. స్వెటర్‌కి అక్కడ పనే లేదు. నేను మూడు నెలలు కూర్చుని అల్లిన స్వెటరు చేయాల్సిన పని నా ఒళ్లు చేసేస్తోంది.

శుక్రవారం రాత్రి హైదరాబాద్ నుంచి మా ఆయన వచ్చేవాడు. శనివారం, ఆదివారం ఆయన వంతు. చొక్కా గుండీలు విప్పుకుని కుర్చీలో వెనక్కి వాలి, ఊపిరి గట్టిగా తీస్తే పాప లేస్తుందేమో అని భయపడుతూ రెండేసి గంటలు కదలకుండా కూర్చునేవాడు. ఆయన ఛాతీ మీద కనబడేది ఆ తెల్ల టోపీ ఒక్కటే. ఇరవై నాలుగు రోజుల్లో అంచు మడతల్లో ఒకటి విప్పాం.

మార్చి మధ్యలో ఇంటికొచ్చాం. విజయవాడ ఎండ సంగతి మీకు నేను చెప్పాలా? అమ్మమ్మ టోపీ కూడా తీసేయించారు డాక్టరుగారు. పిల్ల బరువు పెరుగుతోంది, ఇంట్లో నిద్రపోయేటప్పుడు తలకేం వద్దు, మెడ వెనక చెయ్యి పెట్టి చూసి చెమట పడితే ఇంకో పొర తగ్గించండి అన్నారు. మనవాళ్లు పసిపిల్లని చూస్తే చాలు మే నెలలో కూడా మూడు గుడ్డలు చుట్టేస్తారు. చలికి ఎంత భయపడాలో ఉక్కకీ అంతే భయపడాలని నాకూ అప్పుడే తెలిసింది. స్వెటర్లు డిసెంబరుకి పనికొస్తాయనుకుంటే, అప్పటికి పాప ఆ సైజులో ఉండదు. ముందుచూపుకి ముందుచూపు!

ఇంట్లో పాప వేసుకున్నవన్నీ పాతవే. మా అత్తయ్యగారిది పెడన. అద్దకం చీరలు, టేకు అచ్చులతో వేసిన పువ్వులు, పదేళ్లు కట్టి ఉతికినవి తెచ్చారు. "కొత్తదైతే మొదటి ఉతుకుల్లో రంగు దిగుతుందమ్మా, ఇది దిగేదంతా దిగిపోయింది" అన్నారు. రెండు చీరలు మడతేసి బొంత కుట్టారు. తాతయ్య పంచెతో అమ్మమ్మ జుబ్బాలు కుట్టింది, ముందువైపు తెరుచుకునేవి, గుండీల బదులు పొట్టి నాడాలు. పురిటి బిడ్డకి పాతబట్టే వెయ్యాలన్న మాటని నేను మూఢనమ్మకం కింద కొట్టిపారేసేదాన్ని. గంజీ, రంగూ, గరుకూ అన్నీ పోయిన బట్ట కన్నా మెత్తనిది ఏ షాపులో దొరుకుతుంది? మా భాషలో చెప్పాలంటే అది పదేళ్లు టెస్ట్ చేసిన బట్ట. కానీ పుట్టకముందు అల్లితే దిష్టి అన్నది మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను. నాకు బీపీ వచ్చింది బాతుల వల్ల కాదు.

ఇరవై ఒకటో రోజు పాప ఆసుపత్రిలోనే ఉంది కాబట్టి బారసాల మే నెలకి జరిపాం. దానికి మాత్రం కొత్త జుబ్బా కావాలని నేను పట్టుబట్టా. బట్ట మంగళగిరి కాటన్, మూడుసార్లు ఉతికి గంజి వదిలించాం. అంచుకి లేసు అమ్మమ్మది, ఈసారి దారం ఎవరూ తూచలేదు. పదకొండు పువ్వులు అల్లింది. అతుకుపని నాది. ఒక్కో పువ్వూ పట్టుకుని రెండేసి చోట్ల కలిపాను, రెండు పువ్వులు తలకిందులైతే విప్పించింది.

అలంకారం విషయంలో ఆవిడతో పెద్ద వాదనే జరిగింది. నేను ముత్యాల పూసలు మెడ చుట్టూ అన్నా. ఒక పూస పట్టుకుని లాగింది, ఊడి చేతిలోకి వచ్చింది. "ఇప్పుడు ఇది నోట్లో" అంది. మూడు నెలలకి చేతికి అందిందల్లా నోట్లోకే. మూడేళ్లలోపు పిల్లల బట్టల మీద ఊడే వస్తువేదీ ఉండకూడదు, పూసైనా, మెరుపుబిళ్లైనా, బాతు గుండీ అయినా. రిబ్బను మెడ చుట్టూ కాకుండా వెనక వీపు మీద, రెండు కొసలూ బట్టకి కుట్టేసి. ఎంబ్రాయిడరీ చేశారనుకోండి, వెనకవైపు ముళ్లన్నీ ఒళ్లు గీరతాయి, దాని మీద మెత్తటి గుడ్డ అస్తరు వెయ్యాలి. లేసు కూడా కింది అంచుకే. లేసు కన్నాల్లో చిట్టి వేలు దూరుతుందని చేతుల అంచుకి వెయ్యనివ్వలేదు. ఇన్ని తీసేశాక ఏం మిగులుతుంది అనుకున్నా. కింది అంచున పదకొండు తెల్ల పువ్వులు మిగిలాయి. ఫోటోలో చాలు.

పాప బారసాలలో ఆ జుబ్బా మీద పాలు కక్కింది. ఉతికాం, మళ్లీ వేశాం.

నా సంచీ సంగతి అడుగుతారేమో. స్వెటర్లు రెండూ విప్పేసి ఉండలు చుట్టేశా, బొమ్మలకి టోపీలు అల్లుతున్నా. బాతుల సాక్సులు గోడకి తగిలించా, లోపలివైపు బయటికి తిప్పి. మా మేనత్త అల్లిన గులాబీ స్వెటరు అమ్మ మళ్లీ అడుగు అరలోనే పెట్టుకుంది, దాని జోలికి వెళ్లే ధైర్యం నాకు లేదు. అమ్మమ్మ టోపీ నా దగ్గరుంది. రెండో మడత కూడా విప్పేశాం, అయినా ఇప్పుడు పట్టదు. ఉతికి, ఎండబెట్టి, కాయితంలో చుట్టి పెట్టా. కలరా ఉండలు వెయ్యలేదు. ఎండు వేపాకు వేశా, నెలకోసారి మారుస్తున్నా.